తెరచాప ఓడ మీద పదకొండు సీజన్లు: అపోహలు - వాస్తవాలు

నేను పుట్టింది తాళ్ళరేవు దగ్గర. ఏటి ఒడ్డున వడ్రంగులు చెక్క పడవలకు పలకలు బిగిస్తుంటే చూస్తూ పెరిగాను. ఇప్పుడు అమెరికాలో, మెయిన్ రాష్ట్రం తీరంలో, ప్రయాణికుల్ని తిప్పే స్కూనర్ అనే ఒక రకం తెరచాప ఓడ మీద మేట్‌గా, అంటే కెప్టెన్ తర్వాతి మనిషిగా పనిచేస్తున్నాను. మొదట వంటగదిలో గిన్నెలు కడిగే మెస్‌మేట్‌గా చేరాను. ఇది పదకొండో సీజన్. మా ఓడ యజమానులు భార్యాభర్తలు, ఇద్దరూ కెప్టెన్లే. ఈ తీరంలో స్కూనర్ వ్యాపారం చాలావరకు ఇలా ఇంటి వ్యాపారమే.

ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పిన్ని అడిగే ప్రశ్నలు, న్యూజెర్సీ నుంచో బోస్టన్ నుంచో వచ్చే మనవాళ్ళు డెక్ మీద నిలబడి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఇవి డబ్బున్నవాళ్ళ విహారం కోసం కట్టిన ఓడలు.

కాదు, ఇవి ఆ కాలపు లారీలు. స్కూనర్‌కు రెండు లేదా అంతకంటే ఎక్కువ స్తంభాలుంటాయి, తెరచాపలు ఓడ పొడవు వెంట ఉంటాయి. దాన్ని నడపడానికి నలుగురైదుగురు చాలు. తీరం వెంట సరుకు మోసేవాళ్ళకు కావలసింది అదే. కలప, ఇటుకలు, గడ్డి, చేపలు, వైనల్‌హేవన్ దీవిలో కొట్టిన గ్రానైట్ రాళ్ళు, అన్నీ వీటిలోనే బోస్టన్‌కీ న్యూయార్క్‌కీ వెళ్ళేవి.

అన్నిటికంటే భయంకరమైన సరుకు సున్నం. మేముండే రాక్‌లాండ్ ఊరు సున్నం బట్టీలతోనే పెరిగింది. కాల్చిన సున్నాన్ని పీపాల్లో నింపి ఓడకెక్కించేవారు. దానికి నీళ్ళు తగిలితే ఎంత వేడి పుడుతుందో ఇంటికి సున్నం వేయించుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు. చెక్క ఓడ అడుగున కాస్త నీరు కారినా చాలు, నిప్పు రాజుకునేది. నీళ్ళు పోసి ఆర్పడానికి లేదు, పోస్తే ఇంకా మండుతుంది. కెప్టెన్లు ఓడలోని ప్రతి సందునూ అదే సున్నంతో మెత్తి గాలి ఆడకుండా మూసేసి, మిగతా ఓడలకు దూరంగా లంగరు వేసి రోజుల తరబడి కాచుకునేవారు. కొన్ని బతికేవి, కొన్ని కాలిపోయేవి.

రైళ్ళు, స్టీమర్లు, ఆ తర్వాత లారీలు వచ్చాక ఈ ఓడలకు పని పోయింది. చాలావాటిని రేవుల్లో బురదలో వదిలేశారు. 1936లో ఫ్రాంక్ స్విఫ్ట్ అనే ఆయన ఇదే తీరంలోని క్యామ్‌డెన్‌లో ‘మేబెల్’ అనే పాత స్కూనర్‌ను అద్దెకు తీసుకుని, సెలవులకు వచ్చేవాళ్ళను వారం రోజులు తిప్పడం మొదలుపెట్టాడు. మొదటి ట్రిప్పుకు వచ్చింది ముగ్గురు ఆడవాళ్ళే. సరుకు గది గదులుగా మారింది, దుంగలు పేర్చిన చోట మంచాలు వచ్చాయి. మా వ్యాపారం మొత్తానికి మూలం అదే.

అపోహ: 1871 నాటి ఓడ అంటే చెక్కంతా 1871 నాటిదే.

‘లూయిస్ ఆర్. ఫ్రెంచ్’, ‘స్టీఫెన్ టేబర్’ అనే స్కూనర్లు రెండూ 1871లో నీళ్ళలోకి దిగినవే. ఒకటి మెయిన్‌లో, ఒకటి న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్‌లో. రెండూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. కానీ ఓడ చెక్కంతా 150 ఏళ్ళు నిలవదు. వానా మంచూ నీరు పైనుంచి దిగే చోట ఇంకా తొందరగా పుచ్చుతుంది. చిత్రమేమిటంటే ఉప్పునీరు చెక్కను కొంత కాపాడుతుంది, మంచినీరు కుళ్ళబెడుతుంది. అందుకే మేము రోజూ పొద్దున డెక్‌ను సముద్రపు నీటితోనే కడుగుతాం.

ఒక ఏప్రిల్‌లో మా ఓడను షిప్‌యార్డ్ పట్టాల మీదకు లాగించాం. నీళ్ళలోకి దిగే పట్టాల మీద తొట్టి లాంటి బండి ఉంటుంది, ఓడను దాని మీద కూర్చోబెట్టి ఒడ్డుకు లాగుతారు. వెనకభాగం దగ్గర నేను సూదిమొన కడ్డీతో గుచ్చి చూస్తున్నాను. మంచి ఓక్ చెక్కయితే మొన మీదే ఆగిపోతుంది. ఒకచోట అది పిడిదాకా దిగిపోయింది, బన్నులోకి దిగినట్టు. పైన రంగు మాత్రం నిగనిగలాడుతోంది. ఆ ఒక్క పలక తీస్తే దాని పక్కది, దాని వెనకాల పలకల్ని పట్టి ఉంచే పక్కటెముక లాంటి దుంగ కూడా మెత్తబడి ఉన్నాయి. ఒక రోజు అనుకున్న పని మూడు వారాలు పట్టింది. కొత్త పలకను ఆవిరిపెట్టెలో మెత్తబరచి, వేడి తగ్గేలోపు నలుగురం పట్టుకుని వంచి బిగించాం. తర్వాత సందుల్లో పత్తి, దాని మీద తారు పట్టించిన నార దూర్చి సుత్తితో కొట్టాం. నార గట్టిపడే కొద్దీ సుత్తి మోత మారుతుంది, చెవితోనే తెలుస్తుంది. మా ఊళ్ళో పత్తి దూర్చి గుగ్గిలం, నూనె పూసేవాళ్ళు. ఆ చప్పుడు మాత్రం ఇక్కడా అదే.

మరి ఇన్ని మారిస్తే అది పాత ఓడేనా అని అడుగుతారు. నా మటుకు నాకు అది అదే ఓడ. ఆకారం మారలేదు, గాలికి వాలే తీరు మారలేదు. ఒకేసారి అంతా మార్చిన రోజంటూ ఒక్కటీ లేదు. పైగా అన్నీ పాతవి కూడా కావు. ‘మేరీ డే’ను 1962లో ప్రయాణికుల కోసమే కొత్తగా కట్టారు. ‘హెరిటేజ్’ను ఒక కెప్టెన్ దంపతులు రాక్‌లాండ్‌లోనే కట్టుకుని 1983లో నీళ్ళలోకి దింపారు.

అపోహ: కుటుంబ వ్యాపారం కాబట్టి తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.

అలా జరిగినవి ఉన్నాయి. ‘స్టీఫెన్ టేబర్’ను 1980ల్లో తిరగకట్టిన దంపతుల కొడుకే తర్వాత దాన్ని నడిపాడు. కానీ ఎక్కువగా జరిగేది వేరు. డెక్ మీద పనికి చేరిన కుర్రాడో, వంటగదిలో చేరిన అమ్మాయో నాలుగైదేళ్ళు పని నేర్చుకుని, సముద్రం మీద గడిపిన రోజులు లెక్క చూపి, కోస్ట్‌గార్డ్ పరీక్ష రాసి కెప్టెన్ లైసెన్సు తెచ్చుకుంటారు. ఓడ వాతావరణంలోనే పెళ్ళి కూడా అవుతుంది. యజమానులకు నడుము నొప్పులు మొదలయ్యాక ఓడను వీళ్ళకే అమ్ముతారు. కొత్తవాళ్ళకు అప్పు, పాతవాళ్ళకు బెంగ. అమ్మేశాక కూడా మొదటి రెండు సీజన్లు రేవుకొచ్చి నిలబడి మోకులు ఎలా చుట్టారో చూసి వెళ్ళేవాళ్ళు నాకు తెలుసు. సొంత పిల్లలకు ఈ బతుకు ఇష్టం లేకపోవచ్చు. వేసవంతా అమ్మానాన్నలు వేరేవాళ్ళ సెలవుల కోసం పనిచేస్తుంటే పెరిగినవాళ్ళు మరి.

అపోహ: గాలి లేకపోతే ఓడ కదలదు.

చాలా స్కూనర్ల లోపల ఇంజిన్ లేదు, నిజమే. కానీ ఓడ వెనక యాల్ బోటు అనే చిన్న పడవ వేలాడుతూ ఉంటుంది, దానికి డీజిల్ ఇంజిన్ ఉంటుంది. గాలి పడిపోతే దాన్ని దింపి, దాని ముక్కును ఓడ వెనకకు ఆనించి నెట్టుకుంటూ పోతాం. ‘అమెరికన్ ఈగిల్’ లాంటి కొన్నిటికి లోపలే ఇంజిన్ ఉంది.

తెరచాప ఎత్తడం మాత్రం చేతులతోనే. రెండు పక్కలా మోకులు పట్టుకుని ప్రయాణికులు కూడా లాగుతారు. ఒక ట్రిప్పులో గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నట్టుండి “హైలెస్సా” అని అందుకున్నారు. ఇరవై మంది అమెరికన్లు అర్థం తెలియకుండానే లయ పట్టేశారు. నాకు గొంతు పూడుకుపోయింది.

అపోహ: ఇంధనం ఖర్చు లేదు, అంతా లాభమే.

సీజన్ మే చివర నుంచి అక్టోబరు మధ్య వరకు. మిగతా ఏడు నెలలు సంపాదన లేదు, ఖర్చు ఉంది. నవంబరులో ఓడ మీద పందిరిలా చట్రం కట్టి ప్లాస్టిక్ కప్పుతాం. లోపల చలిలో చెక్క పని, పైన పేరుకున్న మంచు దులపడం. ఇన్సూరెన్స్, కోస్ట్‌గార్డ్ తనిఖీలు, ఓక్ చెక్క, ఆ చెక్క పని తెలిసిన మనిషి, అన్నీ ఖరీదే. 1886 నాటి చట్టం ప్రకారం అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పే ఓడ అమెరికాలోనే కట్టినదై ఉండాలి. కాబట్టి బయటి నుంచి చవగ్గా ఒకటి కొనుక్కొచ్చే దారి కూడా లేదు.

‘విక్టరీ చైమ్స్’ సంగతి చూడండి. 1900లో డెలవేర్‌లో కట్టిన మూడు స్తంభాల స్కూనర్. 2003లో మెయిన్ రాష్ట్రం పేరుతో వచ్చిన క్వార్టర్ (పాతిక సెంట్ల) నాణెం మీద ఉన్న ఓడకు దాని పోలికే. అంతటి ఓడ కూడా మరమ్మతుల ఖర్చు మోయలేక 2022 సీజన్‌తో ఆగిపోయింది. అది రేవు నుంచి వెళ్ళాక ఆ ఖాళీ చూడలేక నేను చాలా రోజులు అటు పోలేదు.

అపోహ: ఇన్నేళ్ళు నిలిచిందంటే ఇక దానికి ఢోకా లేదు.

దీన్ని మాత్రం నమ్మొద్దు. 2023 అక్టోబరులో రాక్‌లాండ్ దగ్గర ఒక స్కూనర్ పెద్ద స్తంభం విరిగి డెక్ మీద పడింది. ఒక ప్రయాణికురాలు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. స్తంభం లోపల పుచ్చు బయటికి కనిపించలేదు. ఆ వార్త విన్న రాత్రి ఈ తీరంలో ఓడవాళ్ళెవరూ నిద్రపోయి ఉండరు. మరుసటి ఉదయం మేము స్తంభాన్ని అడుగు నుంచి తలదాకా చెక్క సుత్తితో తట్టి విన్నాం. నేను తాడు కుర్చీలో కూర్చుని పైకి వెళ్ళి, ఇనుప పట్టీల కింద నీరు నిలిచే ప్రతి చోటూ గుచ్చి చూశాను. ఇప్పుడు ప్రతి వసంతంలో ఆ పనికే రెండు రోజులు కేటాయిస్తాం. మీరు ఎక్కబోయే ఓడ స్తంభాన్ని చివరిసారి ఎప్పుడు చూశారని కెప్టెన్‌ను అడగండి. మొహమాటపడొద్దు. మంచి కెప్టెన్ ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు, చేతిలో పని వదిలేసి చూపిస్తాడు కూడా.

అపోహ: వాంతులు ఖాయం, తినడానికి ఏమీ దొరకదు.

మేము తిరిగే పెనాబ్‌స్కాట్ అఖాతంలో దీవులు పెద్ద అలలకు అడ్డుగా ఉంటాయి. రాత్రిళ్ళు ఏదో ఒక దీవి పక్కన లంగరు వేసి పడుకుంటాం. అందుకే కడుపులో తిప్పేది చాలా తక్కువమందికి. వంటమనిషి తెల్లవారుజామున నాలుగున్నరకు కట్టెల పొయ్యి వెలిగిస్తుంది. శాకాహారులని ముందే చెప్తే వాళ్ళకు వేరుగా వండుతుంది. మనవాళ్ళెవరైనా ఎక్కితే నేనే పప్పు తాలింపు పెడతాను. స్వెట్టర్ మాత్రం జూలైలో కూడా తెచ్చుకోండి.