మూత, గరిటె, పాలగిన్నె

చిరంజీవి బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోనులో అడిగితే పోయేదానికి ఉత్తరమెందుకు రాసింది అంది మీ బామ్మ. ఇలాంటి ప్రశ్నలకి నేను ఫోనులో "ఊఁ, ఊఁ" అని తప్పించుకుంటానని నీకు తెలుసు. అందుకే కాగితం మీద పెట్టావు. గట్టిదానివి.

మీ స్కూలుకి ఎవరో నాయకుడు వచ్చారని, గైడ్స్ పిల్లలంతా యూనిఫాం వేసుకుని ఎండలో గంటన్నర నిలబడ్డారని రాశావు. ఆయన మైకు పట్టుకుని తన పార్టీ గొప్పలు చెప్పుకుని, అవతలి పార్టీని తిట్టి వెళ్లిపోయారట. మీ గైడ్ కెప్టెన్ టీచరేమో మగపిల్లల స్కౌట్లకీ, ఆడపిల్లల గైడ్లకీ పార్టీలు ఉండవని ముందే చెప్పారట. "మరి మేం సెల్యూట్ చేసింది ఎవరికి తాతయ్యా?" అని అడిగావు.

ఈ ప్రశ్నకి జవాబు మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. రాజ్యాంగం, ప్రజాస్వామ్యం అంటూ బయల్దేరితే నాకే ఆవలింత వచ్చింది. మూడోసారి వంటింట్లోకి చూశాను. మీ బామ్మ పాలు తోడు పెడుతోంది. హమ్మయ్య అనుకున్నాను.

చూడు, ఆవిడ ఏం చేస్తుంది? కాగిన పాలని గోరువెచ్చగా చల్లారనిస్తుంది. నిన్నటి పెరుగు ఓ చెంచాడు వేసి, ఒక్కసారి కలిపి, మూతపెట్టి మూలకి జరిపేస్తుంది. ఇక తెల్లారేదాకా ఎవరూ ఆ గిన్నె జోలికి పోకూడదు. నువ్వు చిన్నప్పుడు మూత తీసి గరిటె పెడితే చేతిమీద ఒకటి పడేది, గుర్తుందా? మీ స్కౌటింగ్ కూడా తోడు పెట్టడమే. పిల్లలు పాలు. నిజం చెప్పడం, జంతువుల్ని హింసించకపోవడం, పొదుపుగా ఉండటం, అందరితో స్నేహంగా ఉండటం, మీరు చదివే ఆ తొమ్మిది నియమాలే తోడు.

ఆ మొదటి చెంచాడు తోడు 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో పడింది. బేడెన్ పవెల్ అనే సైనికాధికారి ఇరవై మంది మగపిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి గుడారాలు వేయించాడు. వాళ్లలో ధనవంతుల బడుల పిల్లలూ ఉన్నారు, కష్టజీవుల పిల్లలూ ఉన్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. రెండేళ్లకి, 1909లో, ఆ తోడు మన దేశానికి, బెంగళూరుకి వచ్చింది. కానీ ఆ గిన్నె మనది కాదు. తెల్లవాళ్ల పిల్లలకీ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకీ మాత్రమే అందులో చోటు.

మన పిల్లలు పాలు కారా? ఈ మాట అడిగినవాళ్లు ఎవరో తెలుసా, రాజకీయ నాయకులే! నువ్వు నాయకులందరి మీదా కోపంగా ఉన్నావు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. మద్రాసులో అనిబిసెంట్ తన సహచరుడు అరండేల్‌తో కలిసి మన పిల్లల కోసం వేరే దళాలు మొదలుపెట్టింది. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు కిందే ఉండేవి. ఆ దళాల్లో పిల్లల తలమీద తెల్లవాళ్ల టోపీకి బదులు తలపాగా ఉండేది. స్వపరిపాలన కావాలని ఊరూరా మాట్లాడుతోందని 1917లో ప్రభుత్వం ఆవిణ్ణి ఊటీలో నిర్బంధించింది కూడా. అటు అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి సేవాసమితి స్కౌట్లని తయారుచేశారు.

తెల్లవాళ్ల దళాల ప్రతిజ్ఞలో రాజుగారికి కర్తవ్యం నెరవేరుస్తానన్న మాట ఉండేది. స్వరాజ్యం అడుగుతున్న ఇళ్ల పిల్లల నోట ఆ మాట ఎలా పలుకుతుంది? గొంతులో ముల్లే. 1921లో బేడెన్ పవెల్ మన దేశానికి వచ్చి మాట్లాడాక బిసెంట్ దళాలు ఆయన సంఘంలో కలిశాయి. మాలవీయ దళాలు మాత్రం కలవలేదు. ఎవరి గిన్నె వాళ్లదే. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ, విద్యామంత్రి మౌలానా ఆజాద్ వాళ్లందరినీ కూర్చోబెట్టి నచ్చజెప్పారు. 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పుట్టింది. గైడ్స్ మరుసటి ఏడు ఆగస్టు 15న వచ్చి చేరారు. అంటే మీ ఆడపిల్లలు కాస్త ఆలోచించుకునే వచ్చారన్నమాట!

కుంజ్రూగారి గురించి ఓ మాట చెప్పకుండా ముందుకి పోలేను. కొత్త సంఘానికి ఆయనే మొదటి జాతీయ కమిషనర్. పార్లమెంటులో ఉండి కూడా ఏ ప్రభుత్వానికీ తల ఊపే మనిషి కాదు. 1968లో ఆయనకి భారతరత్న ఇస్తామంటే వద్దన్నారు. గణతంత్ర దేశంలో ఇలాంటి బిరుదులు ఉండకూడదని రాజ్యాంగ సభలో తానే వాదించారు కదా, ఆ మాట మీద నిలబడ్డారు. పిల్లల చొక్కాలకి బ్యాడ్జీలు కుట్టించిన మనిషి, తన చొక్కాకి మాత్రం దేశంలోకెల్లా పెద్ద బ్యాడ్జీని వద్దన్నారు చూడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భలే సంతోషంగా ఉంటుంది.

సరే, గిన్నె దగ్గరికి వద్దాం. మీ సంఘానికి పోషకులు ఎవరు? రాష్ట్రపతి. మీ సీనియర్లు సంపాదించే పెద్ద అవార్డు పేరే రాష్ట్రపతి అవార్డు. ప్రధానమంత్రిని కాకుండా రాష్ట్రపతినే ఎందుకు పెట్టుకున్నారంటావా? రాష్ట్రపతి పార్టీ తరఫున ఓట్లు అడగరు, ప్రభుత్వం నడపరు. ఆ పదవి మూత. మూత పాలని తాకదు, దుమ్ము పడకుండా కాపాడుతుంది, అంతే. ప్రధాని, ముఖ్యమంత్రి, మంత్రులు గరిటెలు. వంటింట్లో గరిటె లేకపోతే కూరే లేదు, నేను కాదనను. కానీ తోడుకుంటున్న పాలల్లో గరిటెకి పనేముంది?

ఇక్కడ మీ అమెరికా అన్నయ్య సంగతి వస్తుంది. వాడు అక్కడ స్కౌటు కదా. వాళ్లకి 1910 నుంచీ, అధ్యక్షుడు టాఫ్ట్ కాలం నుంచీ, దేశాధ్యక్షుడే స్కౌట్లకి గౌరవాధ్యక్షుడు. అక్కడ ఓట్లు అడిగి గెలిచేదీ, ప్రభుత్వం నడిపేదీ కూడా ఆ అధ్యక్షుడే. అంటే మూతా గరిటే ఒకటే! జాగ్రత్తగా ఉంటే గడిచిపోతుంది. 2017 జులైలో వెస్ట్ వర్జీనియాలో వేలాది స్కౌట్లు కలిసే జాంబోరీ అనే పెద్ద శిబిరంలో అధ్యక్షుడు ట్రంప్ మాట్లాడుతూ తన ఎన్నికల గెలుపు గురించి, తన ప్రత్యర్థుల గురించి చెప్పారు. కొందరు పిల్లలు చప్పట్లు కొట్టారు. చాలామంది తల్లిదండ్రులకి మనసు కష్టమైంది. మూడు రోజులకి స్కౌట్ సంస్థ పెద్దే, మా సభలోకి రాజకీయం వచ్చినందుకు నొచ్చుకున్నవాళ్లు క్షమించాలని రాశారు. మీ స్కూల్లో ఆ మాట ఎవరూ అనలేదని నువ్వు రాశావు. అది కూడా నాకు అర్థమైంది.

అదే దేశంలో ఇంకో అధ్యక్షుడు ఉండేవాడు, జెరాల్డ్ ఫోర్డ్. కుర్రాడిగా 1927లో స్కౌటింగ్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన ఈగిల్ స్కౌట్ అయ్యాడు. ఆ మెట్టు ఎక్కి అధ్యక్షుడైనవాడు ఆయనే. 1974లో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ తప్పు బయటపడి రాజీనామా చేస్తే, ఆ పాడైన కుర్చీలో ఈయన కూర్చోవలసి వచ్చింది. ఫోర్డ్ చేసినవన్నీ అందరికీ నచ్చలేదు. ఆయన పోయాక, 2007 జనవరిలో శవపేటిక సొంత ఊరికి వస్తే, సుమారు 400 మంది ఈగిల్ స్కౌట్లు దారి పక్కన వరసకట్టి నిలబడ్డారు. ఆయన నుంచి వాళ్లకి ఇంకేం వస్తుంది చెప్పు? ఊరికే నిలబడ్డారు.

గిన్నెనే ఎత్తుకుపోయినవాళ్లూ ఉన్నారు. ఇటలీలో నియంత ముస్సోలినీ 1926లో పిల్లల కోసం తన సొంత దండు పెట్టి, రెండేళ్లలో స్కౌట్ దళాలన్నిటినీ రద్దు చేసేశాడు. ఆయనకి కావలసింది నిజం చెప్పే పిల్లలు కాదు, ఒకేలా చెయ్యెత్తే పిల్లలు. మిలాన్, మోంజా ఊళ్లలో కొందరు స్కౌట్లు మాత్రం ఒప్పుకోలేదు. దేశదిమ్మరి గద్దలు అని పేరు పెట్టుకుని, సుమారు పదిహేడేళ్లు దొంగచాటుగా కొండల్లోకి వెళ్లి గుడారాలు వేసుకున్నారు, అదే ప్రతిజ్ఞ చెప్పుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో యూదులనీ, ఇతర బాధితులనీ కొండదారుల్లో స్విట్జర్లండుకి దాటించారు. మా చిన్నప్పుడు ఈ కథ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ముడులు వేయడం ఇంకాస్త శ్రద్ధగా నేర్చుకునేవాణ్ణి.

మా చిన్నప్పుడంటే 1979. నాకు పదమూడేళ్లు. గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో ఘాట్ దగ్గర మా దళానికి డ్యూటీ పడింది. మెడలో స్కార్ఫు, నోట్లో విజిలు, నేనే కలెక్టర్ని అన్నట్టు తిరిగేవాణ్ణి. తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేర్చడం, ముసలివాళ్లని మెట్లు దింపడం మా పని. ఒక పల్లెటూరి ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ "గోవిందా" అంటూ దిగుతోంది. అంతలో ఈలలు, పోలీసులు, హడావుడి. ఎవరో పెద్దాయన స్నానానికి వస్తున్నాడు. మా వరసలో అందరూ అటెన్షన్! నేనూ టక్కున ఆవిడ చెయ్యి వదిలి సెల్యూట్ కొట్టాను. ఆయన అటు చూడను కూడా చూడలేదు. పక్కన దబ్బుమని చప్పుడు. ముసలమ్మ పాచిమెట్టు మీద జారి కూర్చుండిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది.

లేపుతుంటే ఆవిడ నన్ను తిట్టలేదు. నా మొహంలోకి చూసి, "ఆయనకి చేతులూ కాళ్లూ బానే ఉన్నాయిగా నాయనా, నా చెయ్యెందుకొదిలేశావు?" అంది. మా స్కౌటు మాస్టారు అన్నీ చూశారు. ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం అందరి ముందూ నా చేత సెల్యూట్ చేయించి, "మూడు వేళ్లు దేనికిరా?" అని అడిగారు. ప్రతిజ్ఞలోని మూడు మాటలకి అన్నాను. మొదటిది దేవుడు లేక ధర్మం, దేశం. రెండోది ఇతరులకి సాయం. మూడోది నియమాలు. "మరి బొటనవేలు చిటికెన వేలిని ఎందుకు పట్టుకుంది?" పెద్దది చిన్నదాన్ని కాపాడాలని సార్. "మధ్యాహ్నం వదిలేసింది దేన్ని?" నాకు నోరు రాలేదు.

బుజ్జీ, కాబట్టి నువ్వు సెల్యూట్ చేసింది ఆ మూడు మాటలకే. ఎదురుగా ఎవరు నిలబడ్డా సరే. సెల్యూట్ తీసుకున్నవాడికి కూడా ఆ మూడు వేళ్లూ కనబడతాయి. లెక్కపెట్టుకుంటాడా లేదా అన్నది ఆయన ఇష్టం. ఈసారి మళ్లీ ఎవరైనా వస్తే వేదిక వైపు చూడకు. సభ అయిపోయాక మంచినీళ్ల ప్యాకెట్లు ఎవరు ఏరుతున్నారో చూడు. ఎండలో కళ్లు తిరిగిన పిల్లని నీడకి తీసుకెళ్లింది ఎవరో చూసి నాకు రాయి.

ఈ ఉత్తరం మీ బామ్మకి చదివి వినిపించాను. కుంజ్రూగారి దగ్గర బాగుందంది. ముసలమ్మ దగ్గర నా వైపు చూసి ఊరుకుంది. పెరుగు సంగతి మాత్రం అంతా తప్పంది. తోడు వేశాక ఓసారి కలిపినంత మాత్రాన పాలేమీ చెడిపోవట, చలికాలం అయితే గిన్నెని పొయ్యి పక్కకి జరపాలట, అసలు వంటింటి సంగతులు నాకేం తెలుసునట. నలభై ఏళ్లుగా ఆ పెరుగే తింటున్నాను కానీ ఒక్కసారీ తోడు వేయలేదు, నిజమే.

అందుకని నువ్వో పని చెయ్యి. ఈ రాత్రి అమ్మనడిగి రెండు చిన్న గిన్నెల్లో పాలు తోడు పెట్టు. ఒకదానికి మూతపెట్టి వదిలెయ్. రెండోదాన్ని పడుకునేదాకా గంటకోసారి గరిటెతో తిప్పు. పొద్దున రెంటినీ వంచి చూసి, ఏది ఎలా ఉందో ఉన్నదున్నట్టు నాకు రాయి. మీ బామ్మకి వేరే కాగితం మీద రాయి.

మీ
తాతయ్య