మెసేజింగ్ యాప్‌లు, స్క్రీన్ రీడర్లు: అపోహలు - వాస్తవాలు

"ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉంది కదా సార్, తెర మీద ఉన్నదంతా అదే చదువుతుంది, ఇక మేము చేయాల్సిందేముంది?" యాప్‌లు తయారుచేసే యువకులతో కూర్చున్నప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. టాక్‌బ్యాక్ అంటే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే స్క్రీన్ రీడర్, అంటే చూపులేనివారికి ఫోన్‌లోని విషయాన్ని పైకి పలికి వినిపించే సాఫ్ట్‌వేర్. హన్మకొండలో చూపులేని విద్యార్థులకు ఫోన్ వాడకం నేర్పుతూ, చాటింగ్ యాప్‌లను పరీక్షిస్తూ ఉండే నాకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదేననిపిస్తుంది.

స్క్రీన్ రీడర్ ప్రధానంగా తెరను చూసి చదవదు. ఈ బటన్ పేరేమిటి, ఇది ఏ రకమైన అంశం, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అని యాప్ అందించిన వివరాలనే పైకి పలుకుతుంది. కొత్త వెర్షన్లు కొన్ని బొమ్మలను పోల్చుకుని చెబుతున్న మాట నిజమే గాని, ఊహ మీద ఆధారపడి ఎవరు మెసేజ్ పంపగలరు? పంపే బటన్‌కు, మైకుకు, కెమెరాకు పేర్లు పెట్టకపోతే మూడూ "అన్‌లేబుల్డ్ బటన్" అనే వినిపిస్తాయి.

మా విద్యార్థిని ఒకామె కాజీపేట స్టేషన్‌లో దిగుతున్నానని అన్నకు మెసేజ్ పెట్టి, ప్లాట్‌ఫాం మీద చాలాసేపు ఎదురుచూసింది. ఆ మెసేజ్ అసలు వెళ్ళనే లేదు. వెళ్ళలేదని యాప్ చూపించింది కూడా, కాకపోతే ఒక చిన్న ఎర్రటి గుర్తుతో. ఆ గుర్తుకు "మెసేజ్ వెళ్ళలేదు, మళ్ళీ పంపండి" అన్న మాట జతచేసి, విఫలమైన వెంటనే పలికించడానికి కొద్ది వరుసల కోడ్ చాలు. ఇటువంటి స్థితి సమాచారం ఫోకస్ (వాడేవారు ప్రస్తుతం ఉన్న అంశం) కదలకుండానే స్క్రీన్ రీడర్‌కు అందాలని, వెబ్‌ను వికలాంగులకు అందుబాటులో ఉంచడానికి 2018లో వచ్చిన డబ్ల్యూక్యాగ్ 2.1 మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి.

ఇది విన్నాక కొందరు అతికి పోయి, వచ్చిన ప్రతి మెసేజ్‌నూ అడ్డుపడి మరీ చదివిస్తారు. గ్రూపులో అందరూ బతుకమ్మ శుభాకాంక్షలు చెబుతుంటే తాను టైప్ చేస్తున్న అక్షరమే మనిషికి వినబడదు. చదువుతున్నదాన్ని ఆపి వెంటనే పలికించే "అసర్టివ్" పద్ధతిని తప్పిదాల కోసం ఉంచుకుని, కొత్త మెసేజ్‌లకు చదువుతున్నది పూర్తయ్యేదాకా ఆగే "పొలైట్" వాడాలి. పంపినవారి పేరు, వచనం, సమయం ఒకే అంశంగా ఉండాలి. విడివిడిగా వదిలేస్తే ఒక్కో మెసేజ్‌కు మూడేసి స్వైప్‌లు. కొత్తది రాగానే ఫోకస్ అడుక్కి దూకే యాప్‌లో పాత సంభాషణ చదవడం అసాధ్యం.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. చూపులేనివారికి వేరే యాప్ కావాలనడం అర్థం లేనిది. వారి బంధువులు, ఆఫీసువాళ్ళు అందులో ఉండరు. వాయిస్ మెసేజ్‌లు చాలుననే వారు, అందులోంచి ఖాతా నంబరును కాపీ చేసి చూపించాలి. స్క్రీన్ రీడర్లకు తెలుగు రాదన్నది పాత పుకారు. కంప్యూటర్‌కు ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో కూడా, అక్షరాలను మాటగా పలికే ఈస్పీక్ ద్వారా తెలుగు వినవచ్చు. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో కొట్టిన వచనాన్ని ఉన్నదున్నట్టు అతికిస్తే మాత్రం అది అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా పలుకుతుంది, కాబట్టి ఫోన్లన్నీ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి పంపాలి.

ఫోన్ పైకి చదువుతుంటే అమ్మాయి సొంత విషయాలు నలుగురి చెవిన పడతాయని తల్లిదండ్రులు భయపడతారు, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, టాక్‌బ్యాక్‌లోనే ఉన్న తెరను దాచే సదుపాయాన్ని ఆన్ చేసుకుంటే, బస్సులో పక్క సీటువారు మన ఫోన్లలోకి తొంగిచూసినంత సులువుగా ఆమె ఫోన్‌లోకి చూడలేరు.