బరువైనవన్నీ మునుగుతాయా? పదార్థాల గురించి పిల్లలకు మనమే ఎక్కిస్తున్న అపోహలు

చిన్న తరగతులకు సైన్స్ చెప్పేవాళ్ళకు ప్రతి ఏడాదీ ఎదురయ్యే మాట ఇది: "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి." ఇంట్లో పెద్దలు చెబుతారు, వీడియోల్లో చెబుతారు, వర్క్‌షీట్లలోనూ ఇదే ఉంటుంది. దీన్ని ఇకనైనా ఆపాలి.

అపోహ: బరువే తేలుస్తుంది, బరువే ముంచుతుంది.

వాస్తవం: చిన్న ఇనుప మేకు మునుగుతుంది. ఇద్దరు మనుషులు ఎత్తలేని చెట్టు దుంగ తేలుతుంది. చూడాల్సింది ఉత్త బరువు కాదు, అది ఆక్రమించిన చోటుకు ఎంత బరువుందనేది. ఒక ఘన సెంటీమీటరు నీళ్ళ బరువు 1 గ్రాము. అంతే చోటు పట్టే ఇనుము 7.9 గ్రాములు, అంతే చోటు పట్టే మంచుగడ్డ 0.92 గ్రాములు ఉంటాయి. నీళ్ళకన్నా ఎక్కువున్న ఇనుము మునుగుతుంది, తక్కువున్న మంచుగడ్డ తేలుతుంది.

ఈ అంకెలు ఐదేళ్ళ పిల్లలకు చెప్పమనడం లేదు. తప్పు సూత్రం మాత్రం చెప్పకండి. ఆ వయసులో పడిన మాట గట్టిగా పాతుకుపోతుంది. హైస్కూల్లో సాంద్రత (ఇందాక చెప్పిన, చోటుకు ఎంత బరువనే లెక్క) పాఠం వచ్చినప్పుడు పిల్లలు సూత్రం బట్టీ పట్టేస్తారు, లెక్కలూ చేసేస్తారు. "మరి అంత ఓడ ఎలా తేలుతోంది?" అని అడిగితే బిక్కమొహం వేస్తారు. తెలియక కాదు, పాత మాట అడ్డొస్తోంది.

నేనైతే నీళ్ళ తొట్టి, కాస్త క్లే పెట్టుకుంటాను. ముద్ద చేసి వేస్తే బుడుంగుమంటుంది. అదే ముద్దను తీసి, తుడిచి, అంచులు పైకి లేపి పల్చటి గిన్నెలా చేస్తే తేలుతుంది. చిటికెడు కూడా తీయలేదు, కలపలేదు. బరువు అదే, నీళ్ళలో అది ఆక్రమించే చోటు పెరిగింది, ఓడ తేలేదీ ఇలాగే. ఒకసారి ఒక పాప ఒప్పుకోలేదు. తేలుతున్న గిన్నెను వేలితో మెల్లగా కిందికి నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది. "టీచర్, నీళ్ళు నా వేలిని పైకి తోస్తున్నాయి" అంది. నేను చెప్పాల్సిన పాఠం తనే చెప్పేసింది. అందుకే ముందు "ఏమవుతుంది?" అని అడగండి, తర్వాత వేసి చూడనివ్వండి. కారణం చెప్పాలన్న తొందర వద్దు.

అపోహ: వెడల్పు గ్లాసులోని నీళ్ళను సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయని పిల్లలు అంటున్నారంటే, చదువులో వెనకబడ్డట్టే.

వాస్తవం: ఈ టెన్షన్‌తో వచ్చే అమ్మానాన్నలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. నాలుగైదేళ్ళ పిల్లలు చాలామంది అలాగే అంటారు. జాన్ పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త దశాబ్దాల కిందటే దీన్ని వివరంగా గమనించాడు. ఎత్తు ఒక్కటే చూసే చూపు మారి, నీళ్ళు అవే కదా అన్న ఆలోచన సుమారు ఏడేళ్ళ ప్రాంతంలో కుదురుకుంటుంది, కొందరికి ముందూ వెనకా. దిద్దకండి, తిట్టకండి. నీళ్ళు అటూ ఇటూ పోసుకుని ఆడుకోనివ్వండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్టీలు చల్లగా, చెక్క వెచ్చగా ఉంటుందనేది నిజం కాదు. ఒకే గదిలో రాత్రంతా ఉన్న రెండింటి ఉష్ణోగ్రతా ఒక్కటే. స్టీలు మన చేతి వేడిని త్వరగా లాగేస్తుంది, అంతే.

గాలికి బరువు లేదంటారు. మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తున్న గదిలో గాలి 30 కిలోలకు పైనే ఉంటుంది.

ఇసుక ధారగా జారుతుంది కాబట్టి ద్రవమేనని పిల్లలు వాదిస్తారు. మంచి వాదన, కొట్టిపారేయకండి. భూతద్దం ఇచ్చి ఒక్క రేణువును చూడమనండి. దాని ఆకారం దానికుంటుంది. పోస్తే కుప్పగా నిలుస్తుంది కూడా, నీళ్ళు నిలవవు.

ఖరీదైన సైన్స్ కిట్ లేకపోతే పిల్లలు వెనకబడతారన్న ప్రచారాన్ని నమ్మకండి. తొట్టి, క్లే, రెండు గ్లాసులు చాలు. ఆట అయ్యేదాకా పక్కనే ఉండండి, అవగానే తొట్టి ఖాళీ చేయండి. కొద్ది అంగుళాల నీళ్ళు కూడా పసిపిల్లలకు ప్రమాదమే.