అప్‌డేట్ అయింది, వైఫై పోయింది: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

ఒడిశాలోని గుణుపురంలో నా దుకాణానికి వచ్చే పాత కంప్యూటర్లు 2025 అక్టోబరు తర్వాత బాగా పెరిగాయి. ఆ నెల 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరంది కావాలి. మా వైపు జెరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో ఉన్నవి మూడో తరం, నాలుగో తరం మెషీన్లు. ఎస్‌ఎస్‌డీ ఒకటి వేస్తే ఇంకో ఐదేళ్ళు పరిగెడతాయి. వాటిని పాతసామాన్లవాడికి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే సిస్టమ్ వేసి పంపిస్తున్నాను. తెలుగూ ఒడియా రెండూ యూనికోడ్‌లో టైపు అవుతాయి, బ్రౌజరు ఉంటుంది, చాలామందికి అంతే కావాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు చేసేవాళ్ళ జోలికి మాత్రం నేను వెళ్ళను. వాళ్ళ బతుకు విండోస్‌లోనే ఉంది.

వేసిన మొదటి నెలంతా బాగానే ఉంటుంది. రెండో నెల నుంచి ఫోన్లు మొదలవుతాయి.

"మాస్టారూ, రాత్రి అప్‌డేట్ అడిగితే నొక్కేసేను. పొద్దున్న చూస్తే వైఫై బొమ్మే లేదండి."

ఇది ఒక జెరాక్స్ షాపాయన మాట. వెళ్ళి చూశాను. అది డెస్క్‌టాప్, వెనక గోరంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఉంది, పైన కంపెనీ పేరేమీ లేదు. టెర్మినల్ తెరిచి 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' కొడితే డాంగిల్ నంబరు కనిపిస్తోంది. అంటే వస్తువు చావలేదు, కంప్యూటర్ దాన్ని చూస్తూనే ఉంది. దాని డ్రైవర్ (ఆ వస్తువుతో మాట్లాడే ప్రోగ్రాం) పేరుతో 'మాడ్‌ప్రోబ్' కొడితే, ఈ కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రాం) ఫోల్డర్లో అలాంటి మాడ్యూలే, అంటే ఆ డ్రైవర్ ఫైలే, లేదంది. మాడ్యూల్స్ ఉండే చోటికి వెళ్ళి చూస్తే రెండు ఫోల్డర్లు ఉన్నాయి. రెండిటి పేరూ 6.8.0తోనే మొదలవుతుంది, దాని పక్కనున్న అంకె ఒక్కటే వేరు. పాత ఫోల్డర్లో డ్రైవర్ ఫైలు ఉంది. కొత్తదాంట్లో లేదు.

రీస్టార్ట్ చేసి, ఏ కెర్నెల్‌తో లేవాలో అడిగే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నెల్ ఎంచుకుంటే వైఫై బొమ్మ వచ్చేసింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే పాతదే మంచిదాండీ?"

దీనికి అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. డ్రైవర్‌ని ఎవరు తమ ఇంట్లో పెట్టుకుని సాకాలి అన్న పాత తగాదా ఇది.

లినక్స్‌కి పెద్దన్నలాంటి సిస్టమ్ యూనిక్స్. అది పుట్టిన రోజుల్లో ఈ తగాదా లేదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-7 అనే మెషీన్ మీద దాన్ని మొదలుపెట్టారు. డిస్కయినా టెర్మినల్ అయినా ప్రోగ్రాముకి ఒక ఫైలులాగే కనిపించాలన్నది వాళ్ళ పద్ధతి. ఆ ఫైలు వెనక నిలబడి అసలు వస్తువుతో మాట్లాడేదే డ్రైవర్. తర్వాతి రోజుల్లో యూనిక్స్ అమ్మిన కంపెనీలు చాలావరకు మెషీన్నీ, సిస్టమ్‌నీ, డ్రైవర్లనీ ఒకే బిల్లు మీద ఇచ్చేవి. ఏది చెడినా అడగాల్సింది ఒక్కణ్ణే. పీసీలు వచ్చాక బోర్డు ఒకడిది, కార్డు ఇంకొకడిది, ప్రింటర్ మరొకడిది అయింది.

ఆ ప్రింటర్ దగ్గరే మొదటి గొడవ పుట్టింది. రోజంతా ప్రింటర్లతో వేగేవాడిని కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు. 1980 ప్రాంతంలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌కి జెరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. అంతకుముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వాడుతున్నవాళ్ళకి కబురు వెళ్ళేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును మార్చుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు రాత) ఇవ్వలేదు, తెలిసినవాడిని అడిగినా ఇవ్వనన్నాడు. ఆ కోపం ఊరికే పోలేదు. ఎవరైనా సోర్స్ చూసి మార్చుకోగల సిస్టమ్ కోసం 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, ఆ హక్కు కాపాడే జీపీఎల్ లైసెన్సు 1989లో రాశాడు.

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, తాను ఒక సిస్టమ్ రాస్తున్నాననీ, అది ఏటీ హార్డ్‌డిస్కులు తప్ప ఇంకేదీ ఎప్పటికీ నడపకపోవచ్చనీ ప్రకటించాడు. కారణం, తన దగ్గర ఉన్నది అదొక్కటే! లినక్స్ డ్రైవర్ల చరిత్రంతా ఆ మాటలోనే ఉందనిపిస్తుంది నాకు. ఎవరి బల్ల మీద ఏ కార్డు ఉంటే వాళ్ళు దానికి డ్రైవర్ రాసి ఆయనకి పంపారు. ఆయన దాన్ని కెర్నెల్ సోర్స్‌లోనే కలిపేశాడు. ఆ అలవాటే తర్వాత పద్ధతయింది: డ్రైవర్ కెర్నెల్ ఇంట్లోనే ఉండాలి. లోపల ఎవరు ఏ గోడ కదిలించినా, దానికి ఆనుకున్న డ్రైవర్లన్నీ సరిచేయాల్సింది ఆ కదిలించినవాడే.

కంపెనీలకి ఇది మింగుడుపడలేదు. 1990ల చివర్లో విన్‌మోడెమ్‌లు వచ్చాయి. ధర తగ్గించడానికి మోడెమ్‌లో ఉండాల్సిన చిప్పులు తీసేసి, ఆ లెక్కలన్నీ విండోస్ డ్రైవర్ ద్వారా కంప్యూటర్ ప్రాసెసర్ నెత్తిన పెట్టారు. డబ్బాలో ఉన్నది సగం మోడెమే, మిగతా సగం విండోస్ సీడీలో ఉంది. లినక్స్‌కి చేతికొచ్చింది డబ్బా మాత్రమే.

వైఫై చిప్పులతోనూ అదే కథ. బ్రాడ్‌కామ్ చిప్పులకి కంపెనీ వివరాలు ఇవ్వకపోతే, బయటివాళ్ళు ఆ చిప్పు ఎలా నడుస్తోందో గమనించి గమనించి డ్రైవర్ రాశారు. అది 2006లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది. అయినా చిప్పు లోపలికి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్‌ని (చిప్పులోనే నడిచే ప్రోగ్రాంని) విండోస్ డ్రైవర్ ఫైలులోంచి కోసి తీసుకోవాల్సి వచ్చేది. అందుకోసం ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామే ఉండేది. అదీ కుదరనివాళ్ళు ఎన్‌డిస్‌ర్యాపర్ పెట్టి, ఏకంగా విండోస్ డ్రైవర్నే లినక్స్‌లో నడిపేవారు. 2010లో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పులకి తానే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా లినక్స్‌కి సహకరించలేదన్న గొడవ అందరికీ తెలిసిందే. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో టోర్వాల్డ్స్ ఆ కంపెనీని కెమెరా ముందే తిట్టిపోశాడు. మరో పదేళ్ళకి, 2022 మేలో, అది తన కెర్నెల్ మాడ్యూల్స్ సోర్స్ బయటపెట్టింది, అదీ కొత్త తరం కార్డులకే.

ఇప్పుడు మా జెరాక్స్ షాపు దగ్గరికి వద్దాం. డ్రైవర్ లోపల లేకపోతే మాత్రం, ఒకసారి పెట్టింది అలాగే ఎందుకు పనిచేయదు? దీనికి జవాబు కెర్నెల్‌ని చూసుకునేవాళ్ళలో ఒకడైన గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ రాసిన ఒక పత్రంలో ఉంది. అది ఇప్పటికీ కెర్నెల్‌తో పాటే వస్తుంది. డ్రైవర్లకీ కెర్నెల్‌కీ మధ్య ఉండే లోపలి ఏర్పాట్లు ఎప్పుడైనా మారతాయి, వాటిని స్థిరంగా ఉంచే ఉద్దేశం మాకు లేదు అని అందులో తేల్చి చెప్పాడు. ఉదాహరణకి, యూఎస్‌బీ వ్యవస్థని అప్పటికే కనీసం మూడుసార్లు తిరగరాశారట. పాతదాన్ని కూడా మోసుకుంటూ పోతే తప్పులు కూడా మోయాల్సివస్తుందని ఆయన వాదన. ప్రోగ్రాముల సంగతి మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. కెర్నెల్ మార్పు వల్ల మామూలు ప్రోగ్రాం ఏదైనా ఆగిపోతే టోర్వాల్డ్స్ ఊరుకోడు.

మా ఊరివాళ్ళకి ఇది రైలు ముచ్చటతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన రైలు 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం వచ్చింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 2004లో ఆ చిన్న బండి ఆపేసి, 2011కి బ్రాడ్‌గేజ్ ఇక్కడిదాకా తెచ్చారు. టెక్కలి వెళ్ళే ముసలమ్మకి తేడా ఏముంది? అదే ఊళ్ళు, అదే టికెట్టు కిటికీ. పాత ఇంజన్లు మాత్రం ఆ పట్టాల మీద ఒక్క అడుగు కదలవు. రైల్వేవాళ్ళ ఇంజన్లను రైల్వేయే మార్చుకుంది. ఎవడైనా సొంత ఇంజను తెచ్చుకుని నడుపుకుంటూ ఉంటే, వాడి గతి వాడిదే. బయటి నుంచి తెచ్చి పెట్టిన డ్రైవర్ ఆ సొంత ఇంజను.

కానీ రైలు గేజి నూరేళ్ళకోసారి మారింది, కెర్నెల్ నెలకోసారి మారుతుంది. భద్రతా అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఉబుంటూ, మింట్ లాంటివి తమ డ్రైవర్లన్నిటినీ ఆ కెర్నెల్‌కి కొత్తగా తయారుచేసి కొత్త ఫోల్డర్లో పెడతాయి. జెరాక్స్ షాపాయన మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ కుర్రాడే డాంగిల్ డ్రైవర్ సోర్స్ డౌన్‌లోడ్ చేసి, కంపైల్ చేసి (అంటే మెషీన్ నడపగల ఫైలుగా మార్చి) పెట్టి వెళ్ళాడట. మంచి పనే చేశాడు, కాకపోతే అది ఆ రోజున్న కెర్నెల్‌కి మాత్రమే. కొత్త కెర్నెల్ వచ్చిన రాత్రి మళ్ళీ కంపైల్ చేయడానికి మేనల్లుడు లేడు.

ఆ మేనల్లుడి పని మెషీన్‌తోనే చేయించడానికి 2003లో డెల్ వాళ్ళు డీకేఎంఎస్ అనేదాన్ని తెచ్చారు. కొత్త కెర్నెల్ రాగానే బయటి డ్రైవర్‌ని అదే మళ్ళీ తయారుచేస్తుంది. దానికి కెర్నెల్ హెడర్స్ (ఆ కెర్నెల్ లోపలి ఏర్పాట్లు చెప్పే ఫైళ్ళు) ఉండాలి, కంపైలర్ ఉండాలి. డ్రైవర్ సోర్స్ రాసినవాడు కొత్త కెర్నెల్ మార్పులకి తగ్గట్టు దాన్ని దిద్ది ఉండాలి. వాడు దిద్దకపోతే కంపైల్ మధ్యలో తన్నేస్తుంది. ఆ సంగతి అప్‌డేట్ తెరమీద వంద లైన్ల మధ్య ఒక లైనుగా వచ్చి పోతుంది. ఎవరు చదువుతారు?

కొత్త ల్యాప్‌టాప్‌లలో దీని మీద ఇంకో తాళం ఉంది. 2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వచ్చింది. ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే నడవనిచ్చే ఏర్పాటు అది. అది ఆన్‌లో ఉంటే చాలా లినక్స్‌లు సంతకం లేని మాడ్యూల్‌ని లోపలికి రానివ్వవు. డీకేఎంఎస్ మన మెషీన్‌లోనే ఒక తాళంచెవి తయారుచేసి సంతకం పెడుతుంది, కానీ ఆ తాళంచెవిని మనం ఒప్పుకున్నట్టు రీస్టార్ట్ అప్పుడు నీలం తెర మీద చెప్పాలి. కాలేజీ పిల్లలు ఆ నీలం తెర చూడగానే టెన్షన్ పడి 'కంటిన్యూ బూట్' కొట్టేస్తారు. డ్రైవర్ తయారై ఉంటుంది, ఫోల్డర్లో ఉంటుంది, పనిచేయదు. అందుకే ల్యాప్‌టాప్ తెస్తే నేను ముందు కెర్నెల్ రాసుకునే చిట్టా 'డీమెసేజ్' చూస్తాను. కీ అన్న మాట కనిపిస్తే డ్రైవర్ జోలికి పోను, ఆ నీలం తెర మళ్ళీ రప్పిస్తాను.

ఫర్మ్‌వేర్ గొడవ మాత్రం కొంత తేలింది. సోర్స్ లేని ఫర్మ్‌వేర్‌ని డెబియన్ అనే లినక్స్ వాళ్ళు చాలాకాలం తమ మామూలు ఇన్‌స్టాల్ సీడీలో పెట్టలేదు. సూత్రం మంచిదే. కానీ వైఫై ఫర్మ్‌వేర్ దించుకోవడానికి ముందు నెట్ కావాలి, నెట్ కావాలంటే ఆ ఫర్మ్‌వేర్ కావాలి. 2022లో ఓటు పెట్టి మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది.

అన్నిచోట్లా ఇదే పద్ధతి కాదు. యూనిక్స్ వంశంలోదే అయిన ఫ్రీబీఎస్‌డీ అనే సిస్టమ్‌లో ఒక పెద్ద వెర్షన్ ఉన్నంతకాలం డ్రైవర్లతో ఒప్పందం చెడకుండా చూడాలనుకుంటారు. అయినా అక్కడి గ్రాఫిక్స్ డ్రైవర్లు లినక్స్ నుంచి తెచ్చుకున్నవే కాబట్టి, అప్‌గ్రేడ్ చేశాక వాటిని మళ్ళీ కట్టుకోవాల్సి రావడం వాళ్ళకీ మామూలే.

జెరాక్స్ షాపులో ఆ రోజు నా ఫోనుని యూఎస్‌బీతో తగిలించి నెట్ ఇచ్చాను. డాంగిల్ చిప్పు నంబరు వెతికితే, 6.8 తర్వాత వచ్చిన కెర్నెల్స్‌లో దాని డ్రైవర్ లోపలే చేరిపోయిందని తేలింది. పాత మెషీన్లకి కొత్త కెర్నెల్ అక్కర్లేదని సాధారణంగా నేనే చెబుతుంటాను. ఇక్కడ ఆ మాట పక్కనపెట్టి, అప్‌డేట్ మేనేజర్లో 6.14 ఎంచుకుని, మేనల్లుడు పెట్టినదాన్ని తీసేశాను. రీస్టార్ట్ చేస్తే వైఫై దానంతటదే వచ్చింది. పాత కెర్నెల్ ఒకటి మాత్రం మెనూలో ఉంచేశాను.

వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. ఈసారి ప్రింటర్. ఆన్ చేసినప్పుడల్లా ఖాళీ బుర్రతో లేచే రకం అది. కంప్యూటర్ ప్రతిసారీ ఫర్మ్‌వేర్ పంపితేనే పేజీ తీస్తుంది. ఆ ఫర్మ్‌వేర్ ప్లగిన్ వెర్షన్, ప్రింటర్ ప్రోగ్రాం వెర్షన్ ఒకటే అయి ఉండాలి. అప్‌డేట్‌లో ప్రోగ్రాం ఒక్కటే ముందుకెళ్ళింది, ప్లగిన్ పాతదగ్గరే ఉండిపోయింది.

"కరెంటు పోయి వచ్చిందండి, అప్పట్నుంచి ప్రింటు రావట్లేదు" అన్నాడాయన. పాపం కరెంటు ఏం చేసింది? పోయేదాకా ప్రింటర్ బుర్రలో పాత ఫర్మ్‌వేర్ ఉంది.