కొత్త తుంటి కీలు వచ్చాక మనిషి ఎంత నడుస్తాడు?

2007లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం తుంటి కీలు మార్పిడిని ‘శతాబ్దపు శస్త్రచికిత్స’ అని కొనియాడింది. 1960ల ఆరంభంలో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ రూపొందించిన పద్ధతి, అంటే చిన్న లోహపు బంతి, గట్టి ప్లాస్టిక్ గిన్నె, వాటిని ఎముకకు పట్టి ఉంచే యాక్రిలిక్ సిమెంటు, నేటి కృత్రిమ కీళ్లకు మూలం. నొప్పి తగ్గించడంలో ఈ చికిత్సకు సాటి వచ్చేవి తక్కువ. అయితే నొప్పి పోయినవారు నిజంగా ఎక్కువగా నడుస్తారా?

ఈ మాట రోగినే అడిగితే, చాలామంది తాము నడిచేదానికంటే ఎక్కువే చెబుతారు. అందుకే పరిశోధకులు తొడకో నడుముకో యాక్సెలరోమీటర్ అనే చిన్న పరికరం కట్టి కదలికలను కొలుస్తారు. ఇలా కొలిచిన పలు అధ్యయనాల్లో, ఆరు నెలలు గడిచేసరికి నొప్పి ఎంతో తగ్గినా, రోజువారీ నడక మాత్రం శస్త్రచికిత్సకు ముందున్నంతలోనే ఉండిపోయింది.

దీనికి కారణం కీలులో కంటే ఇంట్లో ఎక్కువగా కనిపిస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో మేడమీద కాపురముండే ఒక పెద్దాయనను ఊహించుకోండి. నొప్పితో గడిపిన ఏళ్లలో పాల ప్యాకెట్టు తేవడం కొడుకు పనైంది, కూరగాయల బజారు కోడలి పనైంది, గుడి మెట్లెక్కడం ఎప్పుడో మానుకున్నారు. కొత్త కీలు వేయించుకుని ఇంటికి వచ్చాక కూడా “మీరు కూర్చోండి నాన్నగారూ, మేం తెస్తాం” అనే ఆప్యాయత అలాగే కొనసాగుతుంది. వెనకవైపు నుంచి కోత పెట్టి చేసిన చికిత్స తర్వాత తొలి వారాల్లో తొడను 90 డిగ్రీలకు మించి వంచవద్దని చెప్పే జాగ్రత్తను కొందరు జీవితకాలపు నిషేధంగా తీసుకుంటారు. కీలు జారుతుందన్న భయం మనసులో అలాగే ఉండిపోతుంది.

అందువల్లనే శస్త్రచికిత్స తర్వాతి చురుకుదనాన్ని అంచనా వేయడానికి పనికివచ్చే ఆధారాలలో ముఖ్యమైనది అంతకుముందటి చురుకుదనమే. వయసు, బరువు, మోకాళ్ల స్థితి, పిరుదు పక్క కండరాల బలం, మధుమేహం, గుండెజబ్బు వంటివి కూడా లెక్కలోకి వస్తాయి. ఇన్నీ కలిపి ముందస్తు అంచనా వేసే గణాంక నమూనాలు కూడా మనిషికీ మనిషికీ మధ్య తేడాలో కొంత భాగాన్నే వివరించగలవు. వందమంది సగటు చెప్పడం వేరు, ఎదుట కూర్చున్న ఒక్కరి గురించి చెప్పడం వేరు.

పైగా ఆ నమూనాల్లో చాలావరకు పాశ్చాత్య దేశాల్లో, వయసుతో కీళ్లరిగిన వృద్ధుల నుంచి తయారైనవి. మన దగ్గర తుంటి కీలులో బంతిలా ఉండే తొడ ఎముక పైకొనకు రక్తప్రసరణ ఆగి ఎముక చచ్చుబడిపోవడం వల్ల నడివయసులోనే, ఒక్కోసారి ముప్పై ఏళ్లకే ఈ చికిత్సకు వచ్చేవారు గణనీయంగా ఉన్నారు. విజయవాడలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వేసవిలో నడకను వేకువకు మార్చుకోక తప్పదు. ఆ నమూనాలను ఇక్కడి రోగులతో సరిచూడకుండా వాడటం సరికాదని నా అభిప్రాయం.

ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక, ఫోన్‌లోనైనా సరే ఒక వారం పాటు రోజుకు ఎన్ని అడుగులు పడుతున్నాయో రాసిపెట్టుకుని ఫిజియోథెరపిస్టుకు చూపించడం మేలు. మూడో నెలకు ఎంత నడవాలో, ఆరో నెలకు ఎంత పెంచాలో, ఏ జాగ్రత్తను ఎప్పుడు వదిలేయవచ్చో ఆ అంకెను ముందు పెట్టుకుని అడగాలి. అడిగేటప్పుడు ఇంట్లో పాలు తెచ్చే కొడుకు కూడా పక్కన ఉండాలి.