రోడ్డు పక్క చెత్త ఏరడం: అపోహలు – వాస్తవాలు

చిన్న ఊళ్లలో రోడ్డు వెంట చెత్త ఏరే బృందాన్ని కూడగట్టేటప్పుడు, సంచులు సిద్ధం కాకముందే అభ్యంతరాలు వచ్చిపడతాయి. సాయం చేయడానికి మనసారా వచ్చేవాళ్లలో కూడా కొన్ని తప్పుడు నమ్మకాలు ఉంటాయి. నేను తరచూ వినేవి, వాటికి నేనిచ్చే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎంత ఏరినా మళ్లీ పడేస్తారు, దండగ పని.

మళ్లీ పడుతుంది, నిజమే. కానీ అంతే పడదు. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీని, ఆయన సహచరులు కార్ల అద్దాలకు కరపత్రాలు తగిలించి, వాటిని జనం ఏం చేస్తారో గమనించారు. అప్పటికే చెత్త పరుచుకున్న చోట ఎక్కువమంది కింద పారేశారు, శుభ్రంగా ఉన్న చోట తక్కువమంది. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. అందుకే ఊరంతా ఒక్కసారి చుట్టేయడం కన్నా ఒకే కిలోమీటరును పదే పదే ఏరడం మేలని నేను గట్టిగా చెబుతాను. శుభ్రంగా ఉన్నట్టు నాలుగు రోజులు కనబడితేనే అటుగా వెళ్లేవాళ్ల చెయ్యి వెనకాడుతుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, టైలర్ పట్టణం దగ్గర 1985లో మొదలైన ‘అడాప్ట్ ఎ హైవే’ పద్ధతి కూడా ఇదే. ఒక్కో సంఘం రోడ్డులో కొంత భాగాన్ని దత్తత తీసుకుని ఏడాదిలో పలుమార్లు శుభ్రం చేస్తుంది.

అపోహ: ఇదంతా కావాలని విసిరేసేవాళ్ల పనే.

ఆ పథకానికి బీజం వేసిన రహదారుల ఇంజనీరు జేమ్స్ ఎవాన్స్‌ను కదిలించింది, ముందు వెళ్తున్న పికప్ ట్రక్కు వెనక నుంచి ఎగిరిపడుతున్న చెత్త. దాన్ని ఎవరూ విసరలేదు, కప్పకపోవడం వల్ల పడింది. ఏరేటప్పుడు ఏ వస్తువు ఎక్కడ దొరికిందో చూడండి, అది ఎలా వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది. గతుకులు, మలుపుల దగ్గర థర్మోకోల్ ముక్కలు, ఖాళీ బస్తాలు, తాళ్లు ఉంటే లోడు మీద పట్టా లేని వాహనాలవి. కంచెకు, పొదలకు చుట్టుకున్న పల్చటి కవర్లు గాలికి కొట్టుకొచ్చినవి. గాలి వచ్చే దిక్కున కొంచెం నడిస్తే మూత లేని చెత్త కుండీయో, కుక్కలు చింపిన సంచులో కనబడతాయి. బస్టాపులో కప్పులు, సిగరెట్ పీకలు. ఇక కల్వర్టు పక్కన మూటలు మూటలుగా ఉందంటే, అక్కడ బండి ఆపుకోవడానికి జాగా ఉంది, చూసే ఇల్లు లేదు. వీటన్నిటికీ ‘చెత్త వేయరాదు’ అన్న బోర్డు ఒక్కటే మందు కాదు. ఒక చోట పట్టా కావాలి, ఇంకోచోట కుండీకి మూత, మరోచోట బండి దిగకుండా అడ్డంగా రాళ్లు.

అపోహ: పోగేసి అక్కడే నిప్పు పెడితే పీడ వదులుతుంది.

దయచేసి ఈ పని చేయకండి. ఆరుబయట మంటకు ప్లాస్టిక్ పూర్తిగా కాలేంత వేడి ఉండదు. పీవీసీ లాంటివి కాలినప్పుడు డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. సన్నటి మసి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మిగిలిన బూడిద వానకు కాలువలో కలుస్తుంది. ఏరిన శ్రమంతా పొగై, చెత్త కన్నా ఎక్కువ హాని చేస్తుంది.

అపోహ: తొక్కలు, సిగరెట్ పీకలు మట్టిలో కలిసిపోతాయిలే.

పీకలోని ఫిల్టరు దూది కాదు, సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. పండ్ల తొక్కలు కుళ్లిపోయేవే, కానీ ఆలోగా జంతువుల్ని రోడ్డు మీదికి రప్పిస్తాయి. ఎలుకలు వస్తే వాటి కోసం గుడ్లగూబలు వచ్చి వాహనాల కింద పడతాయి.

అపోహ: పాత టైర్లో నీళ్లు ఒలకబోస్తే దోమల బెడద తీరినట్టే.

డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు లోపలి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు చేరగానే పొదుగుతాయి. టైరును అక్కడి నుంచి తీసేయాల్సిందే.

అపోహ: గ్లౌజులుంటే చాలు, పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు.

మామూలు గ్లౌజుల్లోంచి సిరంజీ సూది సులభంగా దిగిపోతుంది. సూదులు, పగిలిన గాజు చేత్తో పట్టకూడదు. పట్టకారుతో తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. మూత బిగించి ఉన్న సీసాలో తెలియని ద్రవముంటే తెరవొద్దు, వాసన చూడొద్దు. ఉబ్బిన బ్యాటరీలను నలపొద్దు, మిగతా చెత్తలో కలపొద్దు, నిప్పు అంటుకోవచ్చు. ఎదురొచ్చే వాహనాలు కనిపించే వైపే నడవాలి, మెరిసే జాకెట్ వేసుకోవాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. వేగంగా బండ్లు తిరిగే రోడ్డు మీదికి పిల్లల్ని నేను రానివ్వను. వాళ్లకు బడి చుట్టూ, మైదానంలో బోలెడంత పని ఉంది.

గడ్డి కోసే యంత్రం రాకముందే ఏరడం మరచిపోకండి. అది ఒక్క సీసాను వంద ముక్కలు చేస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏరలేరు. సంచులు ఏ గంటకు, ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారో స్థానిక సంస్థతో ముందే మాట్లాడుకోండి. రాత్రంతా రోడ్డు పక్కనే వదిలేస్తే తెల్లారేసరికి కుక్కలు చింపేస్తాయి. ఏం దొరికింది, ఎక్కడ దొరికిందన్న లెక్క ఒక కాగితం మీద రాసి అదే రోజు వాళ్లకు అందజేయండి. కుండీ ఎక్కడ పెట్టాలో, ఏ కల్వర్టు దగ్గర రాళ్లు వేయాలో అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.