8 జీబీ ఎవరి లెక్క?

పర్లాకిమిడిలో మేం చూసే ఒక ఆఫీసు సర్వర్‌లో అకౌంట్స్ నడిచే వర్చువల్ మెషీన్ (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన మరో కంప్యూటర్, దీన్నే గెస్ట్ అంటారు) మూడు నాలుగు రోజులకోసారి ఉన్నట్టుండి ఆగిపోయేది. "అన్నయ్యా, మళ్ళీ పోయింది, ఏటి సేద్దుం?" అని అక్కడి కుర్రాడి ఫోన్. గెస్ట్ లోపలికెళ్ళి లాగ్ చూస్తే లైను మధ్యలో తెగిపోయి ఉంటుంది. షట్‌డౌన్ అయిన ఆనవాలు లేదు, ఎర్రర్ లేదు. కరెంటు పోయినా లాగ్ సరిగ్గా ఇలాగే తెగుతుంది కాబట్టి తప్పంతా యూపీఎస్ మీదకు నెట్టేశాం. పాతపట్నం నుంచి మనిషొచ్చి బ్యాటరీలు మార్చి వెళ్ళాడు. నాలుగో రోజు మళ్ళీ అదే కథ. అదే సర్వర్‌లో ఉన్న మిగతా రెండు మెషీన్లు మాత్రం నిక్షేపంగా నడుస్తున్నాయి. కరెంటు పోతే మూడూ పోవాలి కదా అన్న ఆలోచన అప్పటిదాకా మాకు రాకపోవడం సిగ్గుపడాల్సిన సంగతే.

అసలు విషయం హోస్ట్, అంటే ఆ మెషీన్లను మోసే అసలు సర్వర్, లాగ్‌లో దొరికింది. మెమరీ పరిమితి దాటిందని హోస్ట్ లినక్స్‌కి గుండెకాయైన కెర్నెలే ఆ మెషీన్‌ని చంపేసింది. చిత్రమేమిటంటే, 32 జీబీ ఉన్న ఆ సర్వర్‌లో అప్పుడు 10 జీబీ ఖాళీగానే ఉంది. గెస్ట్‌కి 8 జీబీ ఇచ్చాం. ఎందుకైనా మంచిదని హోస్ట్ వైపు హార్డ్ లిమిట్ (దాటకూడని గీత) కూడా 8 జీబీకే పెట్టాం. ఈ రెండు ఎనిమిదులూ ఒకటి కావు. ఎందుకు కావో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1967 జనవరిలో ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో సీపీ-40 అనే వ్యవస్థ వాడుకలోకి వచ్చింది. మార్పులు చేసిన ఒక్క సిస్టమ్/360 మోడల్ 40 మీద 14 వర్చువల్ మెషీన్లు, ఒక్కోదానికి 256 కేబీ మెమరీ. మోడల్ 40కి ఎంత ఎక్కించినా పట్టేదే 256 కేబీ. అంటే ఒకరి వంట వండి, పద్నాలుగు విస్తళ్ళు వేసి, ప్రతి ఒక్కరికీ 'ఇదంతా నీదే' అని చెప్పారన్నమాట. ఎవరు తినకుండా కూర్చున్నారో చూసి వాళ్ళ ముందున్నది తీసి, పక్కవాళ్ళకు వడ్డించడమే కిటుకు. అందరికీ ఒకేసారి ఆకలేస్తే మాత్రం పేజీలు (మెమరీని విడగొట్టిన చిన్న ముక్కలు) డిస్కుకూ మెమరీకీ మధ్య తిరగడంతోనే పొద్దు గడిచిపోతుంది, పని సాగదు. దీన్నే థ్రాషింగ్ అంటారు. 1968లో పీటర్ డెన్నింగ్ దీని కారణాలు వివరించాడు. ప్రోగ్రాముకు ఏ క్షణాన నిజంగా ఎన్ని పేజీలు కావాలో లెక్కగట్టే 'వర్కింగ్ సెట్' ఆలోచనా ఆయనదే.

1972లో అదే దారిలో ఐబీఎం వీఎం/370 వచ్చింది. తర్వాత చవక పీసీల కాలం రావడంతో మెయిన్‌ఫ్రేములు (పెద్ద సంస్థల భారీ కంప్యూటర్లు) లేని చోట వర్చువల్ మెషీన్ల గొడవే లేకుండా పోయింది. 1998లో మొదలైన వీఎంవేర్ అనే కంపెనీ వాటిని మామూలు ఎక్స్86 (పీసీల తరహా) కంప్యూటర్ల మీదకు మళ్ళీ తీసుకొచ్చింది. దాంతోపాటే పాత చిక్కూ తిరిగొచ్చింది. గెస్ట్‌లో నడిచే విండోస్‌కో లినక్స్‌కో తాను అద్దెకున్నట్టు తెలియదు, ఇల్లంతా తనదే అనుకుంటుంది. ఖాళీ మెమరీ కనిపిస్తే ఫైళ్ళ క్యాష్‌తో (మళ్ళీ కావాల్సి వస్తాయని దాచుకునే కాపీలతో) నింపుకుంటుంది, ఒకసారి ముట్టుకున్న పేజీని వెనక్కివ్వాలన్న ఊహే దానికి రాదు. అందులో ఏ పేజీ పనికొచ్చేదో, ఏది చెత్తో బయటున్న హోస్ట్‌కి తెలియదు.

2002లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ రాసిన పరిశోధన పత్రం ఇక్కడే ఓ తమాషా ఉపాయం చెప్పింది. గెస్ట్ లోపల ఒక చిన్న డ్రైవర్ పెడతారు, పేరు బెలూన్. హోస్ట్‌కి మెమరీ కావాల్సి వస్తే బెలూన్‌ని ఉబ్బమంటుంది. అది గెస్ట్‌నే మెమరీ అడిగి పుచ్చుకుంటుంది. గెస్ట్ తనకు అక్కర్లేని పేజీలేవో తానే తేల్చుకుని వదులుతుంది. బెలూన్ పట్టుకున్న పేజీలను హోస్ట్ వెనకనుంచి లాగేసుకుంటుంది. ఇంటివాడికి ఏది పాతసామానో బయటివాడు చెప్పలేడు కాబట్టి, ఇంట్లో మనిషి చేతే ఏరించడం! వాడకుండా పెట్టుకున్న మెమరీ మీద పన్ను వేయడం, అంటే అందులో కొంత వెనక్కి లాక్కోవడం కూడా ఆ పత్రంలో ఉంది. మామూలుగా అది 75 శాతం. వీటితో పాటు ఒక్కో గెస్ట్‌కి కనీసం, గరిష్ఠం, కొరత వచ్చినప్పుడు పంచే వాటా అనే మూడు లెక్కలు. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వాటా ఎవరూ అడగరని వంశధార పక్కన పుట్టినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

వేర్వేరు గెస్టుల్లో ఒకేలా ఉన్న పేజీలను ఒకే కాపీగా కలిపి పొదుపు చేయడం కూడా అప్పటిదే. పక్క మెషీన్ రహస్యాలు దాని గుండా పసిగట్టవచ్చని తేలాక, 2014 చివర్లో వీఎంవేర్ గెస్టుల మధ్య ఆ పంపకాన్ని మామూలుగా ఆపి ఉంచేలా మార్చింది.

మా సర్వర్ కథకు అసలు మూలం మాత్రం 2007 ఫిబ్రవరిలో ఉంది. లినక్స్ 2.6.20లో వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం చేరింది, మేం వాడేదీ అదే. ఇందులో గెస్ట్ అంటే హోస్ట్ దృష్టిలో ఒక మామూలు ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము), బ్రౌజర్ లాగే. 2008లో సీగ్రూపులు అనే లినక్స్ సదుపాయం ద్వారా ప్రాసెస్‌ల మెమరీకి గట్టి పరిమితి పెట్టే వీలొచ్చింది. గెస్ట్‌కిచ్చే 8 జీబీ దాని లోపలి ర్యామ్ లెక్క. హార్డ్ లిమిట్ ఆ ప్రాసెస్ మొత్తం లెక్క. అంటే గెస్ట్ ర్యామ్‌తో పాటు స్క్రీన్ మెమరీ, డిస్క్ బఫర్లు, థ్రెడ్లు, గెస్ట్‌ని నడిపించే క్యూఈము అనే ప్రోగ్రాము సొంత ఖర్చు అన్నీ కలిపి. గెస్ట్ తన ర్యామ్‌ని క్యాష్‌తో నింపుకోవడానికి మూడు నాలుగు రోజులు పట్టేది, ఆ తర్వాత పైఖర్చు కలిసి గీత దాటేది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కును వాడుకోవడం) కూడా మేమే ఆపేశాం కాబట్టి కెర్నెల్‌కి చంపడం తప్ప దారి లేదు. ఆ పైఖర్చు ముందుగా కచ్చితంగా లెక్కగట్టలేమని, కాబట్టి కేవీఎం వాడేవాళ్ళు ఈ హార్డ్ లిమిట్ పెట్టవద్దని వర్చువల్ మెషీన్లను సంభాళించే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లో గట్టిగానే రాసి ఉంది. మేం చదవలేదు.

హార్డ్ లిమిట్ తీసేశాం. గెస్టుల గరిష్ఠాలన్నీ కలిపినా హోస్ట్‌కి కాస్త మిగిలేలా చూసుకున్నాం, విండోస్ గెస్ట్‌లో బెలూన్ డ్రైవర్ వేశాం. అకౌంట్స్ మెషీన్ మళ్ళీ పడలేదు. బ్యాటరీల బిల్లు ఎవరు కట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.